‘ఒంట్లో ఓపిక లేదండి’ అంటే ఏది లేనట్టు?

భీమవరం పక్క రొయ్యల ప్లాంటులో, అంబాజీపేట కొబ్బరి తోటలో, పాలకొల్లు దగ్గర ఊడ్పుల చేలో ఒకటే ప్రశ్న అడగండి: "ఒంట్లో ఎలా ఉంటోందమ్మా?" అలిసిపోతున్నానండి. నీరసంగా ఉంటోందండి. కాళ్ళు లాగేస్తున్నాయండి. కూర్చుంటే కళ్ళు మూతలు పడిపోతున్నాయండి. నాలుగడుగులేస్తే ఆయాసం వచ్చేస్తోందండి. ఇన్ని రకాల జవాబులూ సర్వే కాగితం మీద ‘ఫటీగ్’ అనే ఒక్క గడిలోకి పోతాయి. ఆ గడి నింపిన చోటే పరిశోధన సగం పాడవుతుంది.

అలసట పనిని బట్టి వస్తుంది, తిని పడుకుంటే దిగుతుంది. నీరసం పొద్దున్న లేచేసరికే మంచం మీద ఉంటుంది, పనితో దానికి నిమిత్తం లేదు. మగత అంటే నిద్ర బాకీ. ఆయాసం గుండెనో ఊపిరితిత్తులనో రక్తాన్నో చూడమంటుంది. జనం ఈ మాటల్ని నిఘంటువు చూసుకుని వాడరు, కలిపేస్తారు. అందుకని మాట వినగానే రాసేసుకోకుండా ఇంకో మూడు అడగాలి. ఏ వేళప్పుడు ఎక్కువ? ఏం చేశాక ఎక్కువ? పడుకుని లేస్తే తగ్గుతుందా? పదిహేను ప్రశ్నల ఫారం కన్నా ఈ మూడూ ఎక్కువ చెబుతాయని నా నమ్మకం.

ఇది పాత తగాదాయే. ఇటలీలో శరీరధర్మ శాస్త్రవేత్త ఆంజెలో మొస్సో వేలికి బరువు కట్టి, అది ఎన్నిసార్లు లేస్తుందో గీత గీయించి, అలసటను కొలిచానన్నాడు. 1891లో ఆయన పుస్తకం వచ్చింది. ముప్ఫై ఏళ్ళు తిరిగేసరికి, 1921లో, బ్రిటన్‌లో పనిచేస్తున్న మనస్తత్వవేత్త బెర్నార్డ్ మస్కియో అలసటకు పరీక్ష అంటూ సాధ్యమేనా అని అడిగి, కచ్చితమైన శాస్త్ర చర్చలోంచి ఆ మాటనే తీసేయమన్నాడు. మాట పోలేదు, పోదు కూడా. ఆ రోజుల్లో దేనివల్ల మేలు జరిగిందీ అంటే, అలసటను వదిలేసి పనిని కొలవడం వల్ల. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ మందుగుండు ఫ్యాక్టరీల్లో గంటలు తగ్గించి చూశారు. ఆ లెక్కల్ని 2014లో ఆర్థికవేత్త జాన్ పెన్‌కావెల్ మళ్ళీ తిరగేస్తే, వారానికి 49 గంటల దాకా గంటకు తగ్గ పని వచ్చింది, ఆ పైన ఒక్కో గంటకు వచ్చే పని తగ్గుతూ వచ్చింది. 70 గంటలు చేసిన వారంలో పని, 56 గంటలు చేసిన వారం పనికి పెద్ద తేడా లేదు.

ఇప్పుడు వాడుకలో ఉన్న కొలతల సంగతి. ఎక్కువమంది చేతిలో కనిపించేవి రెండు. ఒకటి 1989 నాటి ఫటీగ్ సివియారిటీ స్కేలు: 9 వాక్యాలు, ఒక్కోదానికి 1 నుంచి 7, సగటు 4 దాటితే లెక్కలోకి తీసుకోవలసిన అలసట. దీన్ని నరాల జబ్బు మల్టిపుల్ స్క్లెరోసిస్, ఒంటి రక్షణ వ్యవస్థే ఒంటి మీద తిరగబడే లూపస్ ఉన్న రోగుల మీద తయారుచేశారు. రెండోది 1993 నాటి చాల్డర్ స్కేలు: 11 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3. రెంటికీ మన దగ్గర గోతులున్నాయి.

మొదటిదానిలో వ్యాయామం చేస్తే అలసట వస్తుందని ఒక వాక్యం ఉంది. ఊడ్పుల కూలీని "వ్యాయామం చేస్తే అలసట వస్తుందా?" అంటే నవ్వుతుంది. వ్యాయామమంటే కాలవ గట్టు మీద బూట్లేసుకుని నడిచేవాళ్ళది. "మేం చెయ్యమండి" అంటుంది, రాసేవాడు 1 వేస్తాడు. అక్కడ ‘ఒళ్ళొంచి పని చేస్తే’ అని ఉండాలి. ఈ స్కేలులో మొదటి రెండు వాక్యాలు మిగతా ఏడింటితో కలవవని, తీసేస్తేనే కొలత నిలకడగా ఉంటుందని ఇతర దేశాల్లో చేసిన విశ్లేషణల్లోనూ తేలింది. కాబట్టి 9 అడిగినా 7 వాక్యాల సగటు కూడా విడిగా వేసి పెట్టుకోండి.

చాల్డర్ గొయ్యి ఇంకా లోతు. జవాబులన్నీ ‘మామూలు కన్నా’ తక్కువ, ఎక్కువ, చాలా ఎక్కువ, లేదా మామూలే. పదేళ్ళుగా నీరసంతో ఉన్న మనిషికి నీరసమే మామూలు. "ఎప్పటిలాగే ఉందండి" అంటుంది. అవును-కాదు పద్ధతిలో లెక్కేస్తే ఆ జవాబుకి సున్నా. అంటే అందరికన్నా ఎక్కువ నలిగిన మనిషి కాగితం మీద ఆరోగ్యవంతురాలు. ఒంట్లో బాగున్న రోజులతో పోల్చి చెప్పమని అసలు ఫారం సూచనల్లోనే ఉంది, చదివి వినిపించే ఓపిక అడిగేవాళ్ళకి ఉండదు. ‘మీ పెళ్ళికి ముందు’ అనో, ‘పెద్దబ్బాయి పుట్టకముందు’ అనో, ఆవిడకు గుర్తున్న ఒక మంచి కాలాన్ని పట్టుకుని దానితో పోల్చమనాలి.

1 నుంచి 7 అంకెలు చదువురాని వాళ్ళకి పట్టవు, చదువుకున్నవాళ్ళు కూడా చాలామంది ఆ చివరో ఈ చివరో పట్టుకుంటారు. ఏడు చింతపిక్కలు ముందు పోసి, "కానే కాదనిపిస్తే ఒకటి తియ్యండి, నూటికి నూరుపాళ్ళూ నిజమైతే ఏడూ తియ్యండి" అనడం సులువు. రూపాయి బిళ్ళలు వద్దు, చూపు అటే పోతుంది. అసలు ప్రశ్నలకు ముందు రెండు అలవాటు ప్రశ్నలు పెట్టండి: నిన్న ఎండ ఎంత, మొన్న సంక్రాంతికి ఎంత? రెంటికీ ఏడేసి తీస్తే పద్ధతి ఇంకా అర్థం కానట్టు. ఇంకోటి, కాదన్న ప్రశ్నలు వేయకండి. "నీరసం లేదా?" అంటే "ఆఁ" అంటారు. లేదనా, ఉందనా? తెలుగులో ఆ "ఆఁ" రెండువైపులా పోతుంది.

అనువాదానికి పద్ధతి అందరికీ తెలిసిందే. ఇద్దరు విడివిడిగా తెలుగు చేయాలి, మూడో మనిషి రెంటినీ కలపాలి, మూలం చూడని మరొకరు తిరిగి ఇంగ్లీషు చేయాలి. ఈ తిరగలి సరిపోతుందనుకోవడమే తప్పు. ఫటీగ్‌ని ‘అలసట’ చేసి, అలసటను తిరిగి ఫటీగ్ చేస్తే కాగితం మీద లోపం కనపడదు. చేలో మాత్రం ఆవిడ మనసులో ఉన్నది నీరసం. అందుకే చివర ఎనిమిది, పది మందిని కూర్చోబెట్టి, ప్రశ్న చదివి, "మీకేం అర్థమైందో మీ మాటల్లో చెప్పండి" అని అడిగించే మెట్టు మానకూడదు. డబ్బు తక్కువైతే తిరుగు అనువాదం మానేసినా నాకు అభ్యంతరం లేదు.

ఎక్కడ అడుగుతున్నామన్నదీ జవాబును మారుస్తుంది. మేస్త్రి పక్కన నిలబడి ఉంటే ఎవరికీ ఏ బాధా ఉండదు. షిఫ్టు అయ్యాక గేటు దగ్గర అడిగితే అందరికీ అన్నీ ఉంటాయి. లేచిన గంటలోపు ఒకసారి, పని దిగాక ఒకసారి, ఇంటి దగ్గర అడగాలి. పొద్దుటి అంకె, సాయంత్రం అంకె రెండూ ఎక్కువైతే నీరసం వైపు చూడాలి. పొద్దున్న తక్కువ, సాయంత్రం ఎక్కువైతే అది పనిది. ప్లాంటులో ఉన్నవాళ్ళనే అడిగి ఊరుకుంటే ఇంకో మోసం ఉంది. ఓపిక పూర్తిగా పోయినవాళ్ళు పనిలోకే రారు. ఊళ్ళోకి వెళ్ళి ఏడాదిలో పని మానేసిన వాళ్ళెవరో కూడా కనుక్కోవాలి. కూలి పద్ధతి తప్పకుండా రాసుకోండి. ఎకరానికింతని గుత్తకు ఊడ్చే ముఠా, రోజు కూలికి ఊడ్చేవాళ్ళలా నడుం ఎత్తదు.

ఇక రొయ్యల చెరువు గట్టు మీద మగత. రాత్రిపూట నీటిలోని నాచు ఆక్సిజన్ ఇవ్వదు, తనే పీల్చుకుంటుంది. తెల్లవారుజామున మూడు నుంచి ఆరు మధ్య చెరువులో ఆక్సిజన్ అడుగంటుతుంది. లీటరుకు 3 మిల్లీగ్రాముల కిందికి పోతే రొయ్య తట్టుకోలేదు. నీటికి గాలి అందించే ఏరేటర్లు తిరుగుతున్నాయో లేదో, కరెంటు పోతే జనరేటరు అందుకుందో లేదో చూడాల్సిన సమయం అదే. మనిషి ఒంటి గడియారం కూడా సరిగ్గా ఆ వేళకే అడుగున ఉంటుంది. చెరువుకి, కాపలా మనిషికి ఒకే గంటలో ప్రాణం జారిపోతుందన్నమాట.

"అలవాటైపోయిందండి" అంటారు వాళ్ళు. ఈ మాటను నమ్మకూడదని 2003లో అమెరికాలో వాన్ డాంగెన్ బృందం చూపించింది. 48 మందిలో కొందరిని రాత్రికి 4, 6, 8 గంటల వంతున 14 రోజులు పడుకోబెట్టారు, మిగతావాళ్ళని మూడు రోజులు అసలు నిద్రపోనివ్వలేదు. 6 గంటలు పడుకున్నవాళ్ళ చురుకు రెండు వారాలకి, రెండు రాత్రుల దాకా అసలు నిద్రపోని వాళ్ళ స్థాయికి పడిపోయింది. నిద్ర వస్తోందా అని అడిగితే మాత్రం కొద్దిగానే అన్నారు. చురుకు తగ్గుతూనే ఉంది, తగ్గిందన్న తెలివిడి మాత్రం ఆగిపోయింది. అందుకే మగతను అడిగి కాదు, కొలిచి తెలుసుకోవాలి. తెర మీద గుర్తు కనపడగానే నొక్కే పరీక్ష ఉంది. అసలుది 10 నిమిషాలు, 500 మిల్లీసెకన్లు దాటితే ఒక తప్పు. 3 నిమిషాల పొట్టి రకంలో ఆ గీత 355 మిల్లీసెకన్లు. ఫోన్లో చేయించవచ్చు. అందరికీ ఒకే మోడల్ ఫోన్ వాడాలి, ఎందుకంటే తెర స్పందించే వేగం ఫోనుకో రకం. వేళ్ళు తుడిచి ఆరబెట్టాకే ఇవ్వాలి. రొయ్య తలలు తీసి నానిపోయిన వేళ్ళను తెర పట్టించుకోదు, ఆ ఆలస్యం మనిషి ఖాతాలో పడుతుంది.

1997లో డాసన్, రీడ్ అనే ఇద్దరు తేల్చినది: 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి పనితనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి పనితనంతో సమానం. మన మోటారు వాహనాల చట్టంలో గీత 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములు, అంటే 0.03. పగలంతా చేలో ఉండి, రాత్రి కాపలా కాసి, ఆరింటికి కాలవ గట్టు మీద బండి వేసుకుని ఇంటికెళ్ళే మనిషిని ఊదించేవాళ్ళెవరూ లేరు.

చెరువుకి ఇద్దరుంటే వంతులు పంచుకునే తీరు ఒకటుంది. ఒకరు సాయంత్రం నుంచి రెండింటి దాకా, రెండో మనిషి రెండు నుంచి ఏడు దాకా. రెండో మనిషి తొమ్మిదికే పడుకుని అయిదు గంటలు కదలకుండా నిద్రపోవాలి. రాత్రంతా ఇద్దరూ గంటకోసారి లేవడం కన్నా ఇది మేలు, తెగిన నిద్ర కలిసిన నిద్రకి సాటిరాదు. వంతులు రోజూ మార్చకూడదు. ఒక్కరే ఉంటే పన్నెండుకీ రెండుకీ మధ్య 20 నిమిషాల కునుకు తీయాలి, అలారం పెట్టుకుని. గంట పడుకుంటే లేచాక అరగంట దాకా బుర్ర పనిచేయదు, సరిగ్గా మూడింటికి ఆ మొద్దుతనం పనికిరాదు. రెండు తర్వాత టీ వద్దు. టీలో ఉన్న కెఫీన్ సగం కరగడానికే సుమారు అయిదు గంటలు పడుతుంది. అయిదింటికి తాగిన టీ ఎనిమిదింటి నిద్రను చెడగొడుతుంది. ఇంటికి బయల్దేరే ముందు షెడ్డులో ఓ పావుగంట కళ్ళు మూసుకుని, లేచాక మొహం కడుక్కుని కాసేపు ఆగి బండెక్కాలి. రేకుల ఇంట్లో పగటి నిద్ర పదింటికల్లా ఉడికిపోతుంది. ఆ మనిషికి కావలసింది మాత్ర కాదు, రేకు మీద కొబ్బరాకులు, కింద ఫ్యాను.

ఉక్క సంగతి కూడా కలపక తప్పదు. "రెంటచింతలలో 42, మనకి 34 డిగ్రీలే కదా" అనే మాట మోసం. పనివాడికి తగిలే వేడిని లెక్కించే డబ్ల్యూబీజీటీలో పదింట ఏడు పాళ్ళు తడిగుడ్డ చుట్టిన థర్మామీటరుది, రెండు పాళ్ళు ఎండలో పెట్టిన నల్ల గోళానిది, ఒక్క పాలే గాలి వేడిది. మాటవరసకి నీళ్ళ చేలో గాలి 34, తడి 29, గోళం 44 అనుకోండి: 20.3, 8.8, 3.4 కలిపి 32.5. పొడి ఊళ్ళో గాలి 42, తడి 23, గోళం 54 అయితే 16.1, 10.8, 4.2 కలిపి 31.1. గాలిలో 8 డిగ్రీలు తక్కువున్నా డెల్టాలో ఒంటికి తగిలేది ఎక్కువ, చెమట ఆరదు కాబట్టి. ఎండకు అలవాటుపడిన మనిషికి మధ్యరకం పనిలో అంతర్జాతీయ ప్రమాణం పెట్టిన గీత 28. ఆ అలవాటు కూడా వారం, రెండు వారాలకు గానీ రాదు. కొత్తగా పనిలోకొచ్చినవాడికి మొదటిరోజు అయిదో వంతు ఎండపనే ఇచ్చి, రోజుకి ఇంకో అయిదో వంతు పెంచాలన్నది అమెరికా పని ఆరోగ్య సంస్థ నియోష్ సూత్రం. నీళ్ళు పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు, గంటకు లీటరున్నర దాటకుండా.

ఇక నీరసం. డెల్టాలో అన్నిటికన్నా ముందు అనుమానించవలసింది రక్తహీనతను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 58.8 శాతం మందికి అది ఉంది. గర్భిణి కాని ఆడవాళ్ళకి 12, మగవాళ్ళకి 13 గ్రాముల కింద హిమోగ్లోబిన్ ఉంటే లెక్కలోకి వస్తారు. శ్రీలంక తేయాకు తోటల్లో, ఇండోనేషియా రబ్బరు తోటల్లో 1970ల్లోనే ఐరన్ ఇచ్చి చూస్తే రక్తం తక్కువున్నవాళ్ళ పని పెరిగింది. సోమరితనమని తిట్టిన చోట ఇనుము లేకపోవడం బయటపడిందన్నమాట. ఐరన్ మాత్ర ఇచ్చి ఊరుకుంటే పని కాదు. చెప్పులు లేకుండా బురదలో దిగే కాళ్ళలోంచి కొంకిపురుగు లోపలికెళ్ళి పేగులో రక్తం తాగుతుంటుంది, దాని మందు కూడా డాక్టరును అడగాలి. మాత్ర వేసుకున్నాక గంటన్నా టీ తాగకూడదు, నిమ్మకాయ పిండుకున్న మజ్జిగన్నంతో కాదు, నిమ్మరసం నీళ్ళతో వేసుకోవాలి, పాలూ పెరుగూ ఇనుమును పట్టనీయవు. మలం నల్లబడితే భయం లేదు. నెలకి కనీసం ఒక గ్రాము పెరగకపోతే మాత్రలు వేసుకోవడం లేదనో, రక్తం ఎక్కడో పోతోందనో, జబ్బు వేరనో అర్థం. పెరిగినా నీరసం తగ్గకపోతే థైరాయిడ్, షుగరు, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, రెండు వారాలు దాటిన దగ్గుంటే కఫం పరీక్ష.

వీటిలో ఏదీ చేయకముందే "ఓ బాటిల్ ఎక్కించండి డాక్టరుగారూ" అంటారు. 500 మిల్లీలీటర్ల 5 శాతం గ్లూకోజు సీసాలో ఉండేది 25 గ్రాముల పంచదార పదార్థం. ఆరు చెంచాల పంచదార అనుకోండి, వంద కేలరీలకు లోపే. ఎక్కించుకున్న సాయంత్రం తేలిగ్గా ఉంటుంది, ఎందుకంటే ఓ రెండు గంటలు పడుకుని ఉన్నారు, నీళ్ళు లోపలికెళ్ళాయి. ఆ రెండూ ఇంట్లో కూడా దొరుకుతాయి.

జబ్బుల అలసటలో మాట తేడా ప్రాణం మీదికొచ్చే చోటు ఇంకోటుంది. క్యాన్సరు వైద్యం తర్వాతి అలసటకి నడక, వ్యాయామం మందుల కన్నా బాగా పనిచేస్తాయి. ఎంఈ/సీఎఫ్‌ఎస్ (క్రానిక్ ఫటీగ్ సిండ్రోమ్) అనే, నెలల తరబడి వదలని అలసట జబ్బులో అదే సలహా మనిషిని మంచానికి కట్టేస్తుంది, అక్కడ శక్తికి మించిన పని చేస్తే మర్నాడో ఎల్లుండో కూలబడతారు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ 2021లో, మెట్లుమెట్లుగా వ్యాయామం పెంచే పద్ధతిని ఈ జబ్బుకి వద్దంది. "ఏం చేశాక ఎక్కువ?" అన్న ప్రశ్నకు "ఆ రోజు బానే ఉంటానండి, మూడో రోజు లేవలేను" అన్న జవాబొస్తే నడవమని తొందరపెట్టకండి.

డయాలిసిస్ రోగులకు మంచి ప్రశ్న ఒకటి తయారైంది, ఒక్కటే: డయాలిసిస్ అయ్యాక మామూలు మనిషి కావడానికి ఎంతసేపు పడుతుంది? గంటల్లో చెబుతారు, ఏ స్కేలూ అక్కర్లేదు. ఎక్కువసేపు పడుతోందంటే ముందు చూడవలసింది నీరు ఎంత వేగంగా తీస్తున్నారని. కిలో బరువుకి గంటకి 13 మిల్లీలీటర్లు దాటితే ప్రమాదం పెరుగుతుంది. 50 కిలోల మనిషి రెండు డయాలిసిస్‌ల మధ్యలో 3 కిలోలు పెరిగి వస్తే, 4 గంటల్లో తీయాలంటే 15 అవుతుంది. 2.5 కిలోలైతే 12.5. ఆ అరకిలో తేడా ఎక్కడుందంటే ఆవకాయలో, ఎండుచేపలో, అవి పుట్టించే దాహంలో.

చివరికి మిగిలేది అసలు పనిగానే లెక్కకు రాని పని. నర్సాపురం లేసు అల్లే ఆడవాళ్ళ మీద జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ 1982లో పుస్తకం వేశారు. గంటల తరబడి అల్లుతున్నా వాళ్ళని గృహిణులనీ, ఖాళీ సమయంలో అల్లుకుంటారనీ అనడమే కూలిని అంత కిందన ఉంచిందని అందులో వాదన. "ఏం పని చేస్తారమ్మా?" అంటే లేసు అల్లే సూది చేతిలో ఉండగానే "ఇంట్లోనేనండి, ఖాళీగానే" అంటారు. పని గడిలో ‘లేదు’, అలసట గడిలో ‘ఉంది’, ఆ రెంటికీ లంకె ఏమిటో ఏ కంప్యూటరూ చెప్పదు. అందుకని పని ఏమిటని కాకుండా నిన్నటి రోజును అరగంటల లెక్కన అడిగి రాసుకోవాలి. 2019లో మొదటిసారి దేశమంతా జరిగిన సమయ వినియోగ సర్వే అలాగే చేసింది, తెల్లవారుజాము నాలుగు నుంచి మర్నాడు నాలుగు దాకా. లేసుకీ, ఊడ్పులకీ ఆ గీత సరిపోతుంది. చెరువు కాపలా మనిషిని మాత్రం నాలుగింటి దగ్గర కొయ్యకండి, అతని పని రెండు ముక్కలై రెండు రోజుల్లో పడుతుంది. అతనికి మధ్యాహ్నం పన్నెండు నుంచి మొదలుపెట్టండి.